రెండు పౌలు

కార్వాన్, హైదరాబాదు
ఆగస్టు 12

ప్రభువునందు ప్రియమైన చెల్లె రాహేలుకు అక్క లీలమ్మ దీవెనలు.

నీ ఉత్తరం అందింది. అందిన తెల్లారి పొద్దున ఎట్ల గడిచిందో ముందు చెప్త. జవాబు తర్వాత.

అది నల్లా వచ్చే రోజు. చీకటి ఉండంగనే లేచి బిందెలు నింపిన. గోనెసంచి పరుచుకొని ప్రార్థన చేసిన. నీ కవరు ముందటి దినం సాయంత్రమే వచ్చింది కాని, ప్రార్థన అయినంకనే తెరవాలె అనుకొని దిండు కింద పెట్టిన. గౌలిపుర పాలాయన వచ్చిండు. "ఇయ్యాల బర్రె అలిగింది అమ్మా, పాలు తక్కువ" అన్నడు. నీళ్ళు ఎక్కువ కలిపిన రోజు బర్రె అలుగుతది. మీ వదిన బేబీ ఉప్మా చేసింది. మీ అన్న డానియేలు పళ్ళు తోముకుంట "మల్ల ఉప్మానా" అన్నడు. బేబీ "మల్ల నువ్వేనా" అన్నది. రోజూ ఉండేదే. చాయ తాగి, చెయ్యి కడుక్కొని, గడప మీద కూర్చొని కవరు చింపిన.

నలభై అయిదేండ్లకు పెండ్లి చేసుకుంట అని రాసినవు. నేగి అనేటాయన మీ చర్చివాడే, కొండలెక్కేటోళ్ళకు బూట్లు, సంచులు కిరాయికి ఇస్తడు, వాళ్ళమ్మ మంచంల ఉన్నది కాబట్టి కిందికి రాలేడు అని రాసినవు. అక్క వచ్చి చూసి సరే అంటేనే పెండ్లి, లేకుంటే లేదు అని రాసినవు. వానలకు రోడ్డు కొట్టుకపోయింది, ఒక పగలంత నడిచి ఎక్కాలె అని మాత్రం అడుగున చీమతలకాయంత అక్షరాలతో రాసినవు. అద్దాలు పెట్టుకొని చదివిన.

నా మొఖం చూసి డానియేలు కవరు గుంజుకున్నడు. చదివి లొల్లి చేసిండు.

"నేగినా? అదేం పేరు? ఆమె నర్సు. ఆయన బూట్లు కిరాయికి ఇచ్చేటోడు. ఇద్దరికి ఏం సంబంధం?"

"కాళ్ళు విరిగితే ఆమె కాడికే పోవాలె కద" అన్నది బేబీ.

"నువ్వు ఊకో. అక్కా, నువ్వు ఇక్కడికెళ్ళి శాలిబండకు పోవాలన్నా ఆటో పిలుస్తవు. హిమాలయం ఎక్కుతవా?"

"ఎక్కుత" అన్న.

ఉప్మా సగంల ఇడిసిపెట్టి డిపోకు పోయిండు.

అమ్మ పోయినప్పుడు నీకు అయిదేండ్లు. నేనే జడలు వేసిన. నేను చూడకుంట నీ పెండ్లి కాదు. వస్త. నా దగ్గర హవాయి చెప్పులు, మందిరానికి వేసుకునే బాటా ఒక జత ఉన్నయి. ఇంకేం కావాలెనో రాయి. ఫోను చెయ్యకు. డానియేలు స్పీకర్ పెడతడు, గల్లీ అంత ఇంటది.

నీ రాత ఇంక కోడి గెలికినట్టే ఉన్నది. నిమ్మళంగ రాయి.

అక్క

---

ధనేరి, ఉత్తరాఖండ్
ఆగస్టు 24

అక్కా, నా బంగారు అక్కా,

వస్తవా! ఉత్తరం దవాఖానల్నే చదివి గంతేసిన. సెలైను ఎక్కుతున్న ముసలాయన ఏదో ప్రమాదం అనుకొని మంచం దిగిండు. మల్ల సూది పెట్టేసరికి నా పానం పోయింది.

నిమ్మళంగ రాయమన్నవు. రాయలేను అక్కా, నా చెయ్యి ఆగుతలేదు. ఇప్పుడు నేగి నా ముందల కూర్చొని నీ సామాను సంగతి చెప్తున్నడు, నేను తెలుగుల రాస్తున్న. తెలివైన మాటలు ఆయనవి, మిగిలినవి నావి.

ముందు బూట్లు. పొద్దున కొనొద్దట. సాయంత్రానికి పాదం కొంచెం ఉబ్బుతది, అప్పుడు కొనాలెనట. మందం మేజోళ్ళు వేసుకొని తొడుక్కో. వేళ్ళ ముందల బొటనవేలు పట్టేంత జాగ ఉండాలె, లేకుంటే దిగేటప్పుడు గోర్లు నల్లగైతయి. కొన్నంక ఇంట్లనే తొడుక్కొని తిరుగు. కొత్త బూట్లతోని కొండెక్కితే కొండ కంటె బూటే ఎక్కువ సతాయిస్తది అంటున్నడు.

బట్టలు. కాటన్ వద్దే వద్దు. తడిస్తే ఆరదు, ఒంటికి అతుక్కొని చలి పుట్టిస్తది. మా అక్కకు ఉన్నవన్ని కాటన్ చీరలే అని చెప్పిన. ఆయన కొండల దిక్కు చూసిండు. నైలాన్ చీర, లోపల ఉన్నిది, పైన వానకోటు అన్నడు చివరికి.

సంచి. బరువు భుజాల మీద పడొద్దు, నడుముకు పట్టీ ఉండాలె. ఎంత తక్కువ మోస్తే అంత మంచిది. కొందరు పళ్ళు తోమే బ్రష్షు పిడిని సగానికి కోసుకొని వస్తరట! నువ్వు మన పెద్ద బైబిలు మాత్రం తేకు అక్కా, చిన్నది చాలు. నా కాడ తెలుగుది ఉన్నది.

అన్నిటికంటె ముఖ్యం, రెండు పోలు తప్పక తెచ్చుకో. ఒకటి చాలదు, రెండు ఉండాలె, కుడిపక్క ఒకటి, ఎడమపక్క ఒకటి. ఎక్కేటప్పుడు పొట్టిగ, దిగేటప్పుడు పొడుగ్గ ఉండాలె. కింద రబ్బరు టోపీ ఉన్నదా చూడు, లేకుంటే రాళ్ళ మీద జారతయి. అవసరం లేనప్పుడు మడిచి సంచికి కట్టుకోవచ్చు. నీ మోకాళ్ళ భారం సగం అవే మోస్తయి. అవి లేకుంటే మా అక్క రాలేదు అన్న, అవి ఉంటే తప్పక వస్తది అన్నడు.

అక్కా, నాకు భయమైతుంది. నువ్వు రావని కాదు. వచ్చి వద్దంటవేమో అని.

నీ రాహేలు

---

కార్వాన్
సెప్టెంబరు 7

చెల్లె రాహేలుకు దీవెనలు.

అన్ని నువ్వు చెప్పినట్టే చేస్తున్న.

బూట్లు శాలిబండల కొన్న, సాయంత్రమే. దుకాణపాయన "అమ్మా, బేటేకే లియే?" అని అడిగిండు. కొడుకుకు కాదు, నాకే అన్న. "ఆప్ కో? కహాఁ జానా?" అన్నడు. హిమాలయం అన్న. లోపలికి పోయి వాళ్ళ నాయనను పిలుచుకొచ్చిండు. ఆ పెద్దాయన నా కాలు చూసి, నా చీర చూసి, "అల్లా ఆసాన్ కరే" అని, దేవుడు సులువు చెయ్యాలె అని దీవించిండు. ఆమేన్ అన్న. ధర కొంచెం తగ్గించిండు.

ఇంట్లనే తొడుక్కొని తిరుగుతున్న. మొదటి దినం వంటింట్లకు పోతే బేబీ "అయ్యో వదినా, పోలీసులనుకున్న" అని గంటె కిందేసింది.

కాటన్ చీర, నైలాన్ చీర రెండు తడిపి దండెం మీద వేసి చూసిన. మన ఎండకు రెండూ ఒక్కతీరుగనే ఆరినయి. నీ మాట మీద నమ్మకంతోనే నైలాన్ తీసుకున్న.

బ్రష్షు సంగతి డానియేలుకు చెప్పొద్దుండె. రంపం తెచ్చి ఇంట్ల అందరివి కోసిండు. బేబీ పళ్ళు తోముకునేటప్పుడు వేళ్ళు నోట్లకు పోతున్నయి. ఆమె మూడు రోజుల సంది ఆయనతోని మాట్లాడతలేదు.

ఇగ పౌలు సంగతి. మన మందిరంల పౌలు అనేటోళ్ళు ఇద్దరే. నీకు యాదికే ఉంటరు. పెద్ద పౌలు బస్సు కండక్టరు చేసి రిటైరైండు. చిన్న పౌలు షామియానాలు కట్టేటోడు. ఆదివారం ఆరాధన అయినంక అడిగిన. ఇద్దరు ఒప్పుకున్నరు. పెద్ద పౌలు కండ్లనీళ్ళు పెట్టుకున్నడు. "మా రాహేలమ్మ అంత దూరం పోయి నన్ను మరువలే" అన్నడు.

నువ్వు రెండు పౌలు అని రాసినవు. ఇద్దరు అనాలె. అవి, ఇవి అని కూడ రాసినవు. కొండల మీద ఉండి తెలుగు మరుస్తున్నవు. పెద్దోళ్ళను గట్ల అనొద్దు.

ఎక్కేటప్పుడు పొట్టి, దిగేటప్పుడు పొడుగు అన్నవు. అందుకని ఎక్కేటప్పుడు పొట్టిగున్న చిన్న పౌలు నా పక్కకు ఉంటడు, దిగేటప్పుడు పొడుగున్న పెద్ద పౌలు. రబ్బరు టోపీలకు డానియేలు మస్తు తిరిగిండు. ఈత కొట్టేటోళ్ళు పెట్టుకునేటివి దొరికినయి. కింద పెట్టాలె అని రాసినవు, టోపీ కింద ఎట్ల పెడతరు? తొందరల రాసినవనుకున్న. తలకే పెట్టించిన. పెద్ద పౌలుకు చెవులు మూసుకపోయి, కీర్తనలు ఇంక గట్టిగ పాడుతున్నడు.

మడిచే సంగతి. చిన్న పౌలు మడతపడతడు. రైల్ల సీటు కింద గూడ పండుతడు. పెద్ద పౌలు మడతపడడు, నడుము పట్టేసింది. సంచికి ఎట్ల కట్టాలెనో మాత్రం నాకు తెలుస్తలేదు. చిన్న పౌలు తాళ్ళు తెస్త అన్నడు.

దీనితోని ఒక మేలైంది. డానియేలు మొదట నన్ను పంపను అన్నడు. "ఆడమనిషివి, ఒక్కదానివి, ఏమన్న అయితే?" అని పట్టు పట్టిండు. ఇద్దరు పౌలులు తోడు వస్తున్నరని తెలిసి సరే అన్నడు. టికెట్లు ఆయనే చేసిండు. వాళ్ళు లేకుంటే ప్రయాణం లేదు అన్నడు.

నీ నేగికి మంచి ఆలోచన ఉన్నది. మనుషులు తోడుండాలె అని ఎవరు చెప్తరు ఈ రోజులల్ల.

అక్క

---

కార్వాన్
సెప్టెంబరు 19

చెల్లె రాహేలుకు.

నీ జవాబు ఇంక రాలే. అయినా రాస్తున్న.

నిన్న గోల్కొండ ఖిల్లాకు పోయినం, అలవాటు కోసం. బూట్లు, నైలాన్ చీర, సంచి నిండ బియ్యం. బేబీ వెనకనుంచి ఫోటో తీసి "సైనికురాలి లెక్క ఉన్నరు వదినా" అన్నది.

చిన్న పౌలు ఒక డేరా తెచ్చిండు. ఎర్రది, పసుపుపచ్చ జాలర్లున్నది. పెండ్లికొడుకు కూర్చునేటిది. కొండ మీద పండుకోనీకి అంట. మోసుకొని సగం మెట్లు ఎక్కిండు. అక్కడ దించి నీడ కోసం కట్టిండు. పది నిమిషాలల్ల చుట్టాలు వచ్చినట్టు జనం వచ్చి కూర్చున్నరు. ఒకామె భోజనాలు ఎప్పుడని అడిగింది.

పెద్ద పౌలు కింద దర్వాజ కాడనే ఆగిండు. "ఇక్కడ చప్పట్లు కొడితే పైన ఇనవడతది లీలమ్మా. నేను కింద నుంచే ఆసరా ఇస్త" అన్నడు. ఇచ్చిండు. పైకి పోయేదాక కొట్టిండు. నిజంగనే ఇనవడ్డది. దిగేటప్పుడు ఆయన నా పక్కకు ఉండాలె. నేనే దిగొచ్చి ఆయన పక్కకు కూర్చున్న.

నా మోకాళ్ళు నొచ్చినయి. డానియేలుకు చెప్పలే.

మందిరంల మాకు వీడ్కోలు కూడిక పెట్టిన్రు. పౌలులకు దండలు వేసిన్రు. అయ్యగారు సుదూర పరిచర్య అని ప్రార్థన చేసిండు.

అక్క

---

ధనేరి
సెప్టెంబరు 21

అక్కా! అక్కా! అక్కా!

నీ సెప్టెంబరు 7 ఉత్తరం ఇప్పుడే అందింది. నవ్వి నవ్వి నాకు పక్కటెముక పట్టేసింది. నేను నర్సును, నాకే నర్సు కావలసొచ్చింది. నేగికి చెప్పేటందుకు గంట పట్టింది. చెప్పినంక ఆయన బయటికి పోయి గొర్రెల కాడ నిలబడి నవ్విండు. గొర్రెలు బెదిరినయి.

పౌలు కాదు అక్కా. పోలు! పకు ఓత్వం. ఔత్వం కాదు. తోక జర ఎక్కువైంది, గంతే. పోలు అంటే నడిచేటప్పుడు చేతుల పట్టుకునే కర్రలు. అల్యూమినియంవి. ఒకదాంట్ల ఒకటి దూరతయి, అందుకే పొట్టిగ, పొడుగ్గ చేసుకోవచ్చు. మడవచ్చు. కింద రబ్బరు ముక్క ఉంటది, అదే టోపీ!

నువ్వు పెద్ద పౌలు తాతకు ఈత టోపీ పెట్టించినవా? నిజంగ?

అయ్యో అక్కా, ఆయనకు ఎక్కుడు చాతనైతదా? మన ఇంటి డాబా మెట్లకే మూడుసార్లు కూర్చుంటుండె. వాళ్ళను తేకు. కర్రలు నేగి కాడ బొచ్చెడు ఉన్నయి. నువ్వొక్కదానివి రా. రోడ్డు కాడికి ఆయనే వస్తడు. డానియేలన్నకు పొరపాటైందని చెప్పు.

కాని చెప్తే నిన్ను పంపడు కద. ఏం చేద్దాం? నాకు నవ్వు పోయి ఏడుపొస్తుంది. నా రాత వల్ల నా పెండ్లి ఆగిపోతదా?

చిన్నప్పుడు టీచరమ్మ గుణింతాలకు కొడితే నువ్వు పోయి లొల్లి చేసినవు. ఆమె ఇంక రెండు కొట్టాల్సుండె.

రాహేలు

---

కార్వాన్
అక్టోబరు 1

చెల్లె రాహేలుకు.

ఉత్తరం అందింది. మూడుసార్లు చదివిన. నువ్వు సామాను సంగతి రాసిన ఉత్తరం తీసి మల్ల చూసిన. ఔత్వం లెక్కనే ఉన్నది.

డానియేలుకు చెప్పలే. అబద్ధం ఆడను. అడిగితే చెప్త. ఇంక అడగలే.

పౌలులకు కూడ చెప్పలే. దండలు వేసిన్రు. పెద్ద పౌలు ఆ దండ ఇంట్ల మేకుకు తగిలించిండు. ఎండినా తీయలే. ఎట్ల చెప్పను?

ముగ్గురం వస్తున్నం. నేగికి చెప్పు, కర్రలు రెండు, మనుషులు ఇద్దరు.

ప్రార్థన చేస్తున్న. నాకోసం కాదు. పెద్ద పౌలు మోకాళ్ళ కోసం.

అక్క

---

ధనేరి
అక్టోబరు 10

అక్కా,

సరే. ముగ్గురు రాండ్రి. నేగి ఒక కంచరగాడిదను మాట్లాడిపెట్టిండు. పెద్ద పౌలు తాతకు అని చెప్పకు, సామానుకు అని చెప్పు. మిగిలింది ఆయన చూసుకుంటడట. ఈత టోపీలు ఇంట్లనే పెట్టు, గాడిద బెదురుతది. డేరా కూడ వద్దు అంటే చిన్న పౌలు ఇంటడా? ఇనడు. తేనీ.

మీరు వచ్చే రోజు నాకు డ్యూటీ ఉన్నది, నా బదులు ఎవరు దొరుకతలేరు. కిందికి రాలేను. పైన దవాఖాన వాకిట్ల నిలబడి చూస్త. నువ్వు ఎక్కుతున్నంతసేపు ఆయనతోనే ఉంటవు. దారంత ఆయనను చూడు అక్కా. నేను పక్కకు ఉంటే నువ్వు నన్నే చూస్తవు. నాకు తెలుసు.

ఆయన బూట్లకు నూనె రాసుకుంట కూర్చున్నడు. అవి ఆయనవి గూడ కావు, కిరాయివి. ఫికరైతే గట్ల చేస్తడు.

రాహేలు

---

ధనేరి
నవంబరు 3

అక్కా,

కోపం వచ్చి రాస్తున్న. ముందే చెప్తున్న.

నాలుగు రోజులు ఉన్నవు. నేగి వాళ్ళమ్మకు తల దువ్వినవు. రొట్టెలు చేసినవు. చిన్న పౌలు మా చర్చి ముందల ఎర్ర డేరా కట్టి మూడూర్ల జనాన్ని కూడబెట్టిండు. పెద్ద పౌలు తాత హిందీల కీర్తన పాడి పిల్లలను ఏడిపించిండు. అన్ని అయినయి. ఒక్క మాట మాత్రం నీ నోట్లకెళ్ళి రాలే.

పోయేటప్పుడు అడిగిన. "ఇంటికి పోయి రాస్త" అన్నవు. గింతేనా? నేను వాకిట్ల నిలబడి చూసిన, నువ్వు మలుపు దాటేదాక. ఒక్కసారి గూడ వెనక్కి చూడలే.

నేగి "దీదీకి టైం ఇయ్యి" అంటడు. మల్ల పోయి బూట్లకు నూనె రాస్తడు. దుకాణంల బూట్లన్ని మెరుస్తున్నయి. వచ్చే జనం కొత్తవనుకొని కిరాయి ఎక్కువైతదా అని అడుగుతున్నరు.

నచ్చలేదా? చెప్పు. నేను మాట తప్పను. అక్క వద్దంటే లేదు అన్న, లేదు. కాని ఏదో ఒకటి రాయి. రోజూ పోస్టాయన దిక్కు చూస్తుంటే ఆయన వేరే తొవ్వల పోతున్నడు.

రాహేలు

---

కార్వాన్
నవంబరు 14

ప్రభువునందు ప్రియమైన చెల్లె రాహేలుకు అక్క దీవెనలు.

నీ కోపం న్యాయమే. వెనక్కి చూడలేదంటే, చూస్తే నీ మొఖం కనబడుతుండె. కనబడితే ఆడనే సరే అంటుంటి. నీ మొఖం చూసి అనే మాట కావొద్దనుకున్న. డానియేలు మాట కూడ కావాలె. లేకుంటే సగం ఇల్లు ఇటు, సగం ఇల్లు అటు అయితది.

నువ్వు చూడనిది ఒకటి రాస్త.

ఎక్కేటప్పుడు నేగి ముందు నా బూట్ల తాళ్ళు చూసిండు. మడమ కాడ వదులున్నయి, కట్టాల్నా దీదీ అని అడిగిండు. అడిగినంకనే ముట్టిండు. తర్వాత పోలు రెండు నా ఎత్తుకు సరిచేసి ఇచ్చిండు. మంచి సామాను. నా మోకాళ్ళు అవే మోసినయి.

పెద్ద పౌలును గాడిద ఎక్కించిన తీరు చెప్త. "తాతగారు, ఈ గాడిదకు పాట ఇనకుంటే నడవదు, మీరు పైన కూర్చొని పాడుతరా, మాకు సాయమైతది" అన్నడు. పెద్ద పౌలు త్యాగం చేసినట్టు ఎక్కిండు. పైదాక పాడిండు.

చిన్న పౌలు ప్రతి మలుపుకు అడుగుతనే ఉన్నడు, ఇంకెంత దూరం భాయ్ అని. "బస్, ఆ మలుపు దాటంగనే" అంటడు నేగి. మలుపు దాటితే ఇంకో మలుపు. నేను పక్కకు పిలిచి, నాకు నిజం చెప్పు అన్న.

"దీదీ, ఇంక మూడు గంటలు. అండ్ల రెండో గంట చాల కష్టం. మీకు ఎవరినన్న తిట్టాలనిపిస్తది. నన్ను తిట్టండి."

"నేను ఎవరిని తిట్టను" అన్న.

రెండో గంటల తిట్టిన. ఆయనను, కొండను, కొట్టుకపోయిన రోడ్డును, అంతటి జాగల నౌకరి చేస్తున్న నిన్ను. తెలుగులనే తిట్టిన. అమ్మ మనల తిట్టినట్టు తిట్టిన. ప్రతి మాటకు "జీ దీదీ" అన్నడు. పైకి వచ్చినంక ఆయన ఎవరికి చెప్పలే. నీకు కూడ చెప్పలేదని ఇప్పుడు నీ ఉత్తరం చూస్తే తెలిసింది.

ఎవరికి ధైర్యం చెప్పాలెనో, ఎవరికి నిజం చెప్పాలెనో ఆయనకు తెలుసు. నాకు ఆ మనిషి నచ్చిండు. ఇది నా మాట. తిట్టిన సంగతి డానియేలుకు గూడ చెప్పిన.

నిన్న సాయంత్రం అందరం కూర్చున్నం. డానియేలు, బేబీ, ఇద్దరు పౌలులు, నేను. ప్రార్థన చేసినం. డానియేలు పంచాయితి పెద్ద లెక్క కుర్చీ వేసుకొని, సాక్షులు చెప్పున్రి అన్నడు.

చిన్న పౌలు లేచి, "మనిషి మంచోడన్నా. నా డేరా చూసి నవ్వలే" అని కూర్చున్నడు.

పెద్ద పౌలు లేచిండు. సాక్ష్యం అంటే ఆయనకు మందిరంల చెప్పే సాక్ష్యమే. పుట్టిన ఊరికెళ్ళి మొదలువెట్టిండు. బస్సుల నౌకరి వచ్చిన దాక చెప్పి నీళ్ళు తాగిండు. బేబీ అన్నం వండుకొని వచ్చింది. అప్పటికి రైలు ఢిల్లీ చేరింది. కొండ కాడికి వచ్చినంక గాడిద సంగతి చెప్పిండు.

డానియేలు లేచి నిలబడ్డడు. "గాడిద మీద పోయినవా తాతా? అక్కకు ఆసరా కమ్మని నిన్ను పంపితే?"

"ఆసరాకు ఆమెకు కర్రలు ఇచ్చిండు కద ఆ పిలగాడు. మంచి కర్రలు. పోలు అంటరట."

డానియేలు నా దిక్కు తిరిగిండు. "అక్కా. పోలా, పౌలా?"

అడిగిండు. చెప్పిన.

"ఎప్పటికెళ్ళి తెలుసు?"

"సెప్టెంబరు ఆఖరుకు తెలిసింది. చెప్తే నన్ను పంపకపోతుంటివి."

"పంపకపోతుంటి" అన్నడు.

పెద్ద పౌలు "అయితే మమ్ముల పిలువలేదా?" అన్నడు. "పిలిచింది నేను. మీరు వచ్చినందుకే నేను పోగలిగిన" అన్న. అది నిజమే. ఆయన తల ఊపి కూర్చున్నడు. మల్ల లేచి సాక్ష్యం పూర్తి చేసిండు.

అందరు తిన్నంక డానియేలు అసలు మాట బయట పెట్టిండు. బూట్లు కాదు, పేరు కాదు. "నౌకరి అంటే ఎప్పుడన్న రిటైరై వస్తదనుకున్న అక్కా. పెండ్లి అంటే ఇగ రాదు. ఇల్లు అక్కడనే" అన్నడు. బేబీ లేచి పోయి ఆయన పక్కకు కూర్చున్నది. బ్రష్షు కోసిన నాటికెళ్ళి మొదటిసారి.

ఆయన చెప్పింది నిజమే కద.

మల్ల ఆయనే అన్నడు, "ఆయన నిన్ను తిట్టనిచ్చిండా అక్కా, గంటసేపు?"

"జీ దీదీ అన్నడు."

"నేనైతే ఇయ్యకపోదును."

"తెలుసు."

అప్పుడు నవ్విండు.

నిర్ణయం రాస్తున్న. పెండ్లికి అందరం ఒప్పుకున్నం. మంచు కరిగినంక, ఏప్రిల్‌ల, అక్కడనే, వాళ్ళమ్మకు మంచంలకెళ్ళి కనబడేటట్టు వాకిట్ల. నిన్ను చెయ్యి పట్టుకొని తీసుకపోయేది డానియేలు. అందుకు కొండ ఎక్కాలె అని బేబీ యాది చేసింది. ఎక్కుత అన్నడు. గాడిద వద్దు అన్నడు, ఇప్పటికైతే.

ఇంకో సంగతి. మూల గదిల నీ ఇనుప పెట్టె ఉన్నది కద, దాని జాగల వాషింగ్ మిషను పెట్టాలె అని బేబీ మస్తు రోజుల సంది అడుగుతున్నది. నిన్న మల్ల అడిగింది, పెండ్లి ఒప్పుకున్నం కద అని. డానియేలు వద్దన్నడు. "ఆమె వచ్చినప్పుడు బట్టలు ఏడ పెట్టుకుంటది? ఇప్పుడు ఇద్దరి బట్టలాయె" అన్నడు. దాని మీద ఇంక కొద్దిసేపు లొల్లి అయింది. చివరికి అందరం కలిసి తేల్చినం. పెట్టె ఉన్నకాడనే ఉంటది. వాషింగ్ మిషను అదే గదిల ఉన్న డానియేలు మంచం జాగల వస్తది. ఆయన హాల్ల పండుకుంటడు.

అక్క